ఇంటి వైరింగు: తొందర పడదగిన చోటు, పడరాని చోటు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మూడు నాలుగు దశాబ్దాల కిందట విద్యుత్ సర్వీసు పొందిన ఇళ్లలో చాలావాటికి ఇప్పుడు వైరింగు మొదలంటా మార్చవలసిన అవసరం ఏర్పడింది. తీగలకు వయసు మీరడం ఒక కారణం కాగా, వాటి మీద పడే భారం అప్పటి అంచనాలను ఎన్నో రెట్లు మించిపోవడం రెండో కారణం. తీర గ్రామాల్లో గాలిలోని ఉప్పు తేమ లోహాన్ని మెల్లగా తినివేయడం మూడో కారణం. అయితే మనుషులు కాపురముంటున్న ఇంట్లో గోడలు పగలగొట్టి, దీపాలు ఆర్పి, సామాన్లు నడవలోకి చేర్చి చేయించవలసిన పని ఇది కాబట్టి, ఎలా చేస్తారన్న ప్రశ్న కంటే ఎన్నాళ్లలో అయిపోతుందన్న ప్రశ్నే ప్రతి ఇంటా ముందు వినిపిస్తుంది. త్వరగా కావాలంటే నాణ్యత కొంత వదులుకోక తప్పదని, మంచి పని కావాలంటే నెలల తరబడి ఓర్చుకోవాలని అనుకోవడం వాడుక. పనిని దశలుగా విడదీసి చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. వైరింగులో తొందరను తట్టుకోగల దశలు కొన్ని, ఏమాత్రం తట్టుకోలేని దశలు కొన్ని ఉన్నాయి. తొందర పడదగిన చోట తాత్సారం చేసి, పడరాని చోట తొందరపడటమే నష్టానికి మూలం.

పాత తీగ, కొత్త భారం

ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి పథకమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. 1959లో రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడిన తరువాత గ్రామాల విద్యుదీకరణ విస్తరించింది. సంస్కరణల్లో భాగంగా మండలిని విడదీసి 2000లో పంపిణీ సంస్థలను ఏర్పాటు చేసినప్పటి నుంచి ఈ జిల్లాలకు విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సరఫరా చేస్తోంది. సరఫరా వ్యవస్థ ఇన్ని మార్పులు చూసినా, మీటరు దాటిన తరువాత ఇంటి లోపల ఉన్న తీగ మాత్రం చాలాచోట్ల తొలినాటిదే. టేకు బద్దల మీద క్లిప్పులతో బిగించిన తీగ, గదికొక చెక్క బోర్డు, మీటరు పక్కన పింగాణీ ఫ్యూజు కటౌటు: నాలుగు దీపాలు, ఒక ఫ్యాను, ఒక రేడియో ఉన్న ఇంటికి అది చాలిన ఏర్పాటే.

ఇప్పుడు అదే ఇంట్లో 2 కిలోవాట్ల గీజరు, అంతే సామర్థ్యమున్న ఇండక్షన్ పొయ్యి, 1.5 కిలోవాట్ల ఏసీ ఒకే వేళ పనిచేస్తే మొత్తం 5.5 కిలోవాట్లవుతుంది. 230 వోల్టుల సరఫరా మీద ఇది దాదాపు 24 ఆంపియర్ల కరెంటు. పాత ఇళ్లలో ఒక్కో వలయానికి అనుకున్నది 5 ఆంపియర్లే. ఇక్కడ వలయమంటే బోర్డులోని ఒక ఫ్యూజు లేదా ఒక ఎంసీబీ కింద నడిచే తీగలు, పాయింట్ల సముదాయం. భారం మించినప్పుడు కరెంటును తనంతట తానే తెంచే మీటను ఎంసీబీ అంటారు. భారం పెరిగి ఫ్యూజు తరచుగా పోతున్న ఇళ్లలో సాధారణంగా కనిపించే పరిష్కారం ఫ్యూజులో ఇంకొక పోగు కలిపి కట్టడం, ఎంసీబీ ఉన్న ఇళ్లలో 16 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెట్టడం. ఫ్యూజైనా ఎంసీబీ అయినా కాపాడవలసింది గోడలోని తీగను. తీగ మందం మార్చకుండా కాపలా పరిమితిని పెంచితే ముందుగా కాలేది ఆ తీగే.

అసలు ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది తీగ నిడివిలో కాదు, అతుకులో. తీగ గుండా ప్రవహించే కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వచ్చే విలువే అక్కడ పుట్టే వేడి. వదులుగా ఉన్న ఒక జాయింటు నిరోధం అర ఓం అనుకుంటే, 1 ఆంపియరు ప్రవహించినప్పుడు అక్కడ పుట్టే వేడి అర వాటు మాత్రమే కనుక ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. అదే జాయింటు గుండా 10 ఆంపియర్లు వెళ్తే వేడి 50 వాట్లవుతుంది. రేడియోలు బాగుచేసే చిన్న సోల్డరింగ్ ఇనుము 25 వాట్లది. దానికి రెట్టింపు వేడి గోరంత చోట, పీవీసీ తొడుగు లోపల, సున్నం గోడ వెనుక పుడుతున్నదన్నమాట. సాధారణ పీవీసీ తొడుగు నిరంతరం ఓర్చుకోగలిగింది 70 డిగ్రీల సెల్సియస్ వరకే. పాత ఇంటికి కొత్త ఏసీ తగిలించిన వేసవిలోనే స్విచ్ బోర్డు నల్లబడటం, కాలిన వాసన రావడం ఇందుకే.

తుపానులు చూపిన తేడా

వేగం ఎక్కడ ధర్మమో, ఎక్కడ అధర్మమో ఈ ప్రాంతానికి తుపానులు పెద్ద ఎత్తున చూపించాయి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతూ శ్రీకాకుళం ఉత్తర మండలాలను దెబ్బతీసింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటాయి. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు విద్యుత్ స్తంభాలూ నేలకొరిగాయి. అటువంటప్పుడు తాగునీటి మోటార్లకు, ఆసుపత్రులకు, ఇళ్లకు కరెంటు తిరిగి ఇవ్వడంలో ప్రతి గంటా విలువైనదే కనుక, ఇతర ప్రాంతాల సిబ్బందిని రప్పించి, పాత మార్గంలోనే స్తంభాలు నిలిపి, తీగలు లాగి సరఫరా పునరుద్ధరించారు. ఆ వేగం తప్పు కాదు, అవసరం. అయితే తుపాను గాలికి ఒరగని వ్యవస్థ కావాలన్నప్పుడు దానికి వేరే కాలమానం పెట్టుకోవలసి వచ్చింది. హుద్‌హుద్ తరువాత ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టిన ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో భాగంగా విశాఖ నగరంలో భూగర్భ కేబుళ్లు వేసే పని ఏళ్ల తరబడి సాగింది.

తాత్కాలికమైన పనికి ఒక వేగం, శాశ్వతమైన పనికి మరొక వేగం ఉండాలన్న ఈ తరతమ భేదం ఇంటి లోపలికి వచ్చేసరికి చెరిగిపోతుంది. తుపాను మరునాడు కిటికీ గుండా లాగిన తీగ, టేపు చుట్టిన జాయింటు, గోడకు మేకుతో వేలాడే హోల్డరు ఆ వారానికి న్యాయమైనవే. అవి మరుసటి సంక్రాంతికీ అక్కడే ఉంటే తాత్కాలికమే శాశ్వతమైపోయినట్టు. తుపాను తరువాత తాత్కాలిక లైను వేసిన ప్రతి ఇంట్లోనూ దాన్ని తీసివేసే తేదీని కూడా అప్పుడే నిర్ణయించుకోవడం మేలు.

తుపాను వేళ ఎంత తొందరలోనైనా వదలరాని జాగ్రత్తలు రెండున్నాయి. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తీగ, అంటే కరెంటు తిరుగుదారి, ఒక్కటే తెగిపోతే ఇళ్లలోకి 230 వోల్టుల బదులు 400 వోల్టుల దరిదాపు వరకూ ఒత్తిడి రావచ్చు. సరఫరా తిరిగి వచ్చిన తొలి నిమిషాల్లో ఫ్రిజ్‌లు, టీవీలు కాలిపోవడానికి ఇదొక కారణం. అందుచేత కరెంటు పోయినప్పుడే ఉపకరణాల ప్లగ్గులు తీసివేసి, సరఫరా నిలకడగా ఉన్నదని తేలాకే పెట్టాలి. రెండోది, జనరేటరును సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించే అలవాటును మానడం. ఇంటి కరెంటును, జనరేటరు కరెంటును ఒకేసారి కలవనీయని చేంజోవర్ స్విచ్ లేకుండా ఇలా చేస్తే కరెంటు వెనక్కి లైనులోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీయగలదు.

గోడను బట్టి పద్ధతి

ఉత్తరాంధ్ర పల్లెల్లో వీధికి ఇరువైపులా గోడకు గోడ ఆనించి కట్టిన వరుస ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ముందు వసారా, వెనుక ఒకదాని తరువాత ఒకటిగా గదులు, పైన దూలాలు, వాసాలు, పెంకు. ఈ ఇళ్లలో పక్కింటితో గోడను పంచుకోవడం మామూలు. వీటికి ఎదురుగానో, వీటి స్థానంలోనో లేచిన కాంక్రీటు డాబాలది వేరే స్వభావం. వైరింగు అనగానే గోడలో పైపు పాతి తీగ కనబడకుండా చేసే కన్సీల్డ్ పద్ధతే గొప్పదని, గోడ మీద బిగించే పద్ధతి తక్కువదని చాలామంది భావిస్తారు. ఈ భావన వేగానికీ చేటు, నాణ్యతకూ చేటు.

గోడలో గాడి తీయడానికి హద్దు ఉంది. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతునూ, అడ్డ గాడి లోతు ఆరో వంతునూ మించకూడదన్నది ఇటుక కట్టుబడిలో పాటించవలసిన నియమం. తొమ్మిది అంగుళాల గోడలో అడ్డ గాడి అంగుళంన్నర దాకా పోవచ్చు. నాలుగున్నర అంగుళాల గోడలో ముప్పావు అంగుళమే, అందులో వైరింగు పైపును పూడ్చి పైన పూత పూయడానికి చోటు చాలదు. అందుకే సన్న గోడలలో పైపును పైకప్పు దగ్గర నడిపి ప్రతి బోర్డుకూ నిలువుగా దించాలే తప్ప, దగ్గరదారి అని గోడకు అడ్డంగా గాడి కొట్టరాదు. మట్టి గోడలు, పక్కింటితో కలిసిన గోడలు ఉన్న పెంకుటిళ్లలో గాడి జోలికే పోకుండా, పీవీసీ పైపును గానీ, మూత తెరిచి తీగలు పరిచే కేసింగ్-కేపింగ్ పట్టీని గానీ గోడ మీదే బిగించడం ఉత్తమం. గోడ బలం తగ్గదు, సిమెంటు ఆరడానికి ఎదురుచూడనక్కరలేదు, రేపు లోపం వస్తే మూత తీసి చూడవచ్చు. వేగమూ నాణ్యతా ఒకే నిర్ణయంతో దక్కే చోటు ఇది. వాసాల వెంట వెళ్లే తీగలు మాత్రం ఎలుకలు కొరకకుండా గట్టి పైపులోనే వెళ్లాలి.

కాంక్రీటు ఇళ్లలో కన్సీల్డ్ పద్ధతి తప్పనప్పుడు క్రమం ముఖ్యం. పైపులు, పెట్టెలు ముందు పాతి, పైన సిమెంటు పూసి, పూత తడిపి ఆరనిచ్చి, ఆ తరువాతే తీగ లాగాలి. పచ్చి గోడలో, నీరు దిగిన పైపులో తీగ లాగితే తేమ ఏళ్ల తరబడి లోపలే ఉండి, తరువాత జరగబోయే ఇన్సులేషన్ పరీక్షలో తీగ తప్పేట్టు చేస్తుంది. పైపు లోపలి వైశాల్యంలో దాదాపు 40 శాతానికి మించి తీగలతో నింపకూడదన్నది సాధారణంగా పాటించే లెక్క. ఇరుకు పైపులో బలవంతంగా లాగిన తీగ మలుపు దగ్గర తొడుగు చిట్లించుకుంటుంది; ఆ చిట్లు పూతలో మూసుకుపోయాక ఎవరి కంటికీ కనబడదు. పైపు మధ్యలో జాయింటు వేయకుండా, ఒక స్విచ్ నుంచి మరొక స్విచ్‌కు తీగను తెగకుండా తిప్పే లూపింగ్ పద్ధతికి తీగ కొంచెం ఎక్కువ పడుతుంది, సమయమూ పడుతుంది. అయితే అతుకులన్నీ తెరిచి చూడగలిగే పెట్టెల్లోనే ఉంటాయి. వైరింగు మార్పిడి మొత్తంలో ఒక్క దశలోనే నిదానంగా ఉండే ఓపిక ఉన్నదనుకుంటే, ఆ ఓపికను ఇక్కడ ఖర్చు చేయాలి.

ఎర్త్: కనబడని సగం పని

ఉపకరణపు లోహపు తొడుగుకు పొరపాటున కరెంటు తగిలినప్పుడు దాన్ని నేలలోకి పంపే మూడో తీగ ఎర్త్. ఇంటి దగ్గర గోతిలో రెండున్నర మీటర్ల జింకు పూత ఇనుప గొట్టం దించి, చుట్టూ ఉప్పు, బొగ్గు నింపి, దానికి ఆకుపచ్చ తీగ కలపడం తెలిసిన పద్ధతే. తెలియనిది దాని పరిమితి. గోతి నిరోధం 10 ఓంలు ఉన్నదనుకుంటే, 230 వోల్టుల మీద లోపం సంభవించినప్పుడు నేలలోకి పోయే కరెంటు 23 ఆంపియర్లకు మించదు. 16 ఆంపియర్ల ఎంసీబీ తన పరిమితికి 1.45 రెట్లు, అంటే 23.2 ఆంపియర్లు, ప్రవహించినప్పుడు గంటలోపు తెంచితే చాలునన్నది దాని ప్రమాణం. అంటే గీజరుకో, వాషింగ్ మెషీన్‌కో కరెంటు తగిలి, ఎర్త్ సక్రమంగానే ఉండి కూడా, ఎంసీబీ గంటసేపు కదలకుండా ఉండే వీలుంది.

ఈ ఖాళీని పూరించేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని ఇది అనుక్షణం సరిచూస్తుంది. తేడా వచ్చిందంటే కరెంటు మనిషి గుండానో, తడి గోడ గుండానో నేలకు పోతున్నదని అర్థం. ఇళ్లకు వాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఆ తేడా 30కి చేరితే 0.3 సెకనులోపు సరఫరా ఆపుతుంది. మనిషి స్పర్శకు 50 వోల్టులు హద్దు అనుకుంటే, ఈ పరికరం ఉన్న ఇంట్లో ఎర్త్ నిరోధం 1,600 ఓంల వరకు ఉన్నా రక్షణ దక్కుతుందని లెక్క తేలుతుంది. అంతమాత్రాన ఎర్త్‌ను నిర్లక్ష్యం చేయరాదు. ఒకటి విఫలమైతే రెండోది కాపాడాలన్నదే రెండూ పెట్టడంలోని ఉద్దేశం.

భావనపాడు, కళింగపట్నం, బారువ వంటి తీర గ్రామాల్లో పై ఇసుక ఎండినప్పుడు కరెంటును సరిగా పోనివ్వదు, లోపలి ఉప్పు తడి పోనిస్తుంది గానీ ఇనుమును తుప్పు పట్టిస్తుంది. వానాకాలంలో కొలిచిన ఎర్త్ నిరోధం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది కనుక ఆ అంకెను నమ్మడం ఆత్మవంచనే. నేల బాగా ఎండిన ఏప్రిల్, మే నెలల్లో కొలిచిన విలువే గోతి అసలు సత్తా. గోతి తవ్వడం ఒక పూట పనే అయినా, కొలత మాత్రం వేసవిలో మరొకసారి జరగాలి.

కొత్తగా ఆర్‌సీసీబీ పెట్టిన ఇళ్లలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఇన్వర్టరు దగ్గర వస్తుంది. ఇన్వర్టరు నడిపే దీపాల న్యూట్రల్‌ను, మిగతా ఇంటి న్యూట్రల్‌ను పాత పద్ధతిలో ఒకేచోట కలిపివేస్తే వెళ్లిన కరెంటు ఒక దారిన, తిరిగి వచ్చేది మరొక దారిన పోయి, లోపమేమీ లేకున్నా ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతుంది. న్యూట్రళ్లను విడదీసి కట్టడానికి ఒక రోజు పడుతుంది. ఆర్‌సీసీబీని తప్పించి తీగను నేరుగా కలపడానికి అయిదు నిమిషాలు చాలు. పండుగ ముందు రోజు ఏది జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

కూలి లెక్కలోనే నాణ్యత

పని ఎంత వేగంగా, ఎంత నాణ్యంగా జరుగుతుందన్నది పనివాని మనస్తత్వం కంటే కూలి ఒప్పందం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. పాయింటుకింత అని మాట్లాడుకుంటే ఎన్ని పాయింట్లు అయితే అంత రాబడి కనుక పని పరుగెడుతుంది. కానీ దీపం పాయింటుకూ, గీజరు పాయింటుకూ, ఎర్త్ తీగకూ పట్టే శ్రమ ఒకటి కాదు, లెక్కలోకి రాని పరీక్ష పని వెనకబడుతుంది. రోజు కూలికి మాట్లాడుకుంటే జాయింటు జాగ్రత్తగా పడుతుంది గానీ పని ఎప్పటికి ముగుస్తుందో చెప్పలేరు. సామానుతో కలిపి మొత్తం కాంట్రాక్టు ఇస్తే ఇంటివారికి తిరుగుడు తప్పుతుంది. ఆ వెసులుబాటు ఖరీదు సన్నపు తీగ రూపంలో గోడలోకి పోయే ప్రమాదం ఉంది. ఈ మూడింటిలోనూ లోపం ఉన్నందున, సామాను ఇంటివారే కొని, శ్రమకు పాయింటు లెక్కన కూలి మాట్లాడి, అందులో కొంత భాగాన్ని పరీక్షలు పూర్తయ్యాక ఇచ్చేట్టు ముందే చెప్పుకోవడం మధ్యేమార్గం. అప్పుడు పరుగెత్తడానికీ, సరిగా చేయడానికీ రెండింటికీ పనివానికి కారణం ఉంటుంది.

చట్టం ఏం చెబుతున్నదో కూడా తెలిసి ఉండాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాల ప్రకారం బల్బులు, ఫ్యూజులు, స్విచ్‌ల వంటివి, ఇంటి సామర్థ్యం మారకుండా, ఒకదాని బదులు ఒకటి పెట్టుకోవడానికి మినహాయింపు ఉంది. సామర్థ్యాన్ని, స్వభావాన్ని మార్చే కొత్త వైరింగు మాత్రం లైసెన్సు పొందిన కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతా పత్రమున్న సూపర్‌వైజరు పర్యవేక్షణలో, పర్మిటు కలిగిన వైర్‌మన్ చేత జరగాలి. ఊళ్లో అందరికీ తెలిసిన మేస్త్రీ నేర్పరి కావచ్చు. అయినా అతని దగ్గర పర్మిటు ఉన్నదా, పని చివర పరీక్షా పత్రం ఇవ్వగల కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాడా అని అడగడం అవమానించడం కాదు. లోడు పెరుగుతున్నప్పుడు పంపిణీ సంస్థకు తెలిపి, అవసరమైతే మీటరును, సర్వీసు వైరును మార్పించుకోవడం కూడా ఈ పనిలో భాగమే. లోపల మందపాటి తీగ వేసి, స్తంభం నుంచి వచ్చేది పాత సన్న తీగే అయితే భారమంతా ఆ తీగ మీదకే మారుతుంది.

వేగం నిజంగా దొరికే చోటు

గోడ మీద తొలి సుత్తిదెబ్బ పడక ముందే ముగించగల పనులన్నీ ముగించడంలోనే అసలైన వేగం ఉంది. పని మధ్యలో స్విచ్ బోర్డు ఇటా అటా అని కుటుంబం చర్చించడం, మంచం ఎక్కడ వేస్తారో తేలక పాయింటు మార్చడం, తీగ చాలక పనివారు మధ్యాహ్నం బజారుకు వెళ్లడం వంటివే రోజులను మింగేస్తాయి. ప్రతి గది పటం గీసి, మంచం, బీరువా, ఫ్రిజ్, పొయ్యి ఉండే చోట్లు గుర్తించి, గోడల మీద సుద్దతో పాయింట్లు రాసి, రెండు రోజులు ఆ గుర్తుల మధ్యే కాపురం చేసి చూస్తే మార్పులన్నీ అక్కడే తేలిపోతాయి. సుద్ద గీతను చెరపడానికి ఖర్చు లేదు.

ఆ పటం నుంచే వలయాల జాబితా తయారవుతుంది. దీపాలు, ఫ్యాన్ల వలయానికి పది పాయింట్లు, 800 వాట్లు మించకూడదన్నది దేశంలో అనుసరిస్తున్న నియమం. దీపాలకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 10 ఆంపియర్ల ఎంసీబీ. 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5 తీగ, ఏసీకి, గీజరుకు ఒక్కొక్కదానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయడం మంచి అలవాటు. పీవీసీ తీగలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. తొడుగు మీద ముద్రించిన లైసెన్సు సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ యాప్‌లో సరిచూడవచ్చు. తీర గ్రామాల్లో బోర్డు పెట్టెలు, మరలు తుప్పు పట్టని రకానివి ఎంచుకోవాలి. పాత అల్యూమినియం తీగను కొత్త రాగి తీగతో మెలిపెట్టి కలపరాదు. ఉప్పు తేమలో ఆ రెండు లోహాలు ఆనినచోట కొరుకుడు మొదలై జాయింటు వదులవుతుంది.

కాపురమున్న ఇంట్లో పనిని రెండు భాగాలు చేయడం మరో ఉపాయం. కొత్త పంపిణీ బోర్డును, ఎర్త్‌ను మొదటే నిలబెట్టి, ఇంటిని వంటగది వైపు, పడకగదుల వైపు అని విభజించి, ఒక వైపు పూర్తిగా ముగించి పరీక్షించి కరెంటు ఇచ్చాకే రెండో వైపు మొదలుపెడితే కుటుంబం ఇల్లు విడిచి వెళ్లనవసరం లేదు. అప్పుడు ఇవాళే అన్నీ వెలగాలన్న ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గినచోట జాయింటు బాగుంటుంది.

కాలాన్ని ఎంచుకోవడం కూడా సన్నద్ధతలో భాగమే. హైదరాబాదుకో, చెన్నైకో, ముంబయికో వలస వెళ్లినవారు సంక్రాంతికి ఊరు వచ్చి, సెలవు ముగిసేలోగా ఇంటి పనులన్నీ చేయించాలనుకోవడం ఈ జిల్లాల్లో ఏటా కనిపించేదే. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక వైరింగు గుర్తుకు రావడమూ మామూలే. విజయనగరం పరిసరాల్లో పైడితల్లి సిరిమానోత్సవం వచ్చేది విజయదశమి తరువాతి మంగళవారం. చుట్టాలు వచ్చే ఆ రోజులూ, తుపానుల రోజులూ పంచాంగంలో పక్కపక్కనే ఉంటాయి. ఈ మూడు గడువులలో ఏదీ గోడ లోపలి పనికి తగినది కాదు. సంక్రాంతికి వచ్చినప్పుడు పటం గీసి, సామాను జాబితా రాసి, పనివారితో మాట్లాడుకుని, మార్చి నుంచి మే లోపు గోడలు ఎండి ఉన్న కాలంలో పని చేయించి, వానలకు ముందే ఎర్త్ కొలిచి ముగించడం ఈ ప్రాంతపు వాతావరణానికి తగిన క్రమం. ఆషాఢంలో ముహూర్తాలు లేక పనివారు ఖాళీగా దొరికినా, తడి గోడలు అప్పటి పనికి అడ్డమని మరవరాదు.

దీపం వెలగడం పరీక్ష కాదు

స్విచ్ వేయగానే దీపం వెలిగితే పని అయిపోయినట్టేనని భావించడం అతి సాధారణమైన తప్పు. ఎర్త్ తీగ ఎక్కడో తెగిపోయి ఉన్నా దీపం వెలుగుతుంది. ఫేజు, న్యూట్రల్ తారుమారై, స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉన్నా వెలుగుతుంది. తొడుగు చిట్లిన తీగతోనూ వెలుగుతుంది. అందుకే పరీక్షలు నాలుగు జరగాలి. మొదటిది, కరెంటు ఇవ్వక ముందే మెగ్గరు అనే పరికరంతో 500 వోల్టుల ఒత్తిడి పెట్టి తీగల తొడుగు నిరోధాన్ని కొలవడం. అది కనీసం 1 మెగాఓం, అంటే పది లక్షల ఓంలు, ఉండాలి. రెండోది, ప్రతి సాకెట్ ఎర్త్ రంధ్రం నుంచి గోతి దాకా తీగ తెగకుండా ఉన్నదా అని చూడడం. మూడోది, ప్రతి స్విచ్ ఫేజు తీగనే తెంచుతున్నదా అని చూడడం. నాలుగోది, ఎర్త్ నిరోధాన్ని కొలిచి, ఆర్‌సీసీబీ పరీక్షా మీటను నొక్కి చూడడం. మామూలు ఇంటికి ఇవన్నీ ఒక్క పూటలో అయ్యే పనులు. ఎన్నో రోజుల పని నిలుస్తుందా లేదా తేల్చే ఆ ఒక్క పూటనే తొందరలో వదిలివేయడం ఏ లెక్కన చూసినా ఆదా కాదు.

పూత వేయక ముందు ప్రతి గోడనూ ఫోన్‌తో ఫొటో తీసి, వలయాల జాబితాతోనూ, పరీక్షల అంకెలతోనూ కలిపి దాచిపెట్టడం మరొక అవసరం. పదేళ్ల తరువాత మేకు కొట్టేవారికి, ఇంటికప్పు మీద సౌరఫలకాలు బిగించేవారికి, లోపం వెతికే కొత్త పనివానికి ఆ కాగితం ఎన్నో రోజులు మిగులుస్తుంది.

వైరింగు మార్చదలచిన కుటుంబాలు గుర్తుంచుకోవలసిన సూత్రం చిన్నదే. పటం, కొనుగోలు, సామాను సర్దడం, బోర్డుల బిగింపు, దీపాల అలంకరణ: ఇవి ఎంత వేగంగా జరిగినా నష్టం లేదు, తప్పు జరిగితే మళ్లీ చేసుకోవచ్చు. గాడి, పైపు, పూత ఆరడం, జాయింటు, ఎర్త్, పరీక్ష: వీటికి కావలసినంత సమయం ఇవ్వాలి, ఎందుకంటే ఇవి గోడలోనో, నేలలోనో మూసుకుపోతాయి. పాత ఇళ్లలో ఉంటున్నవారు ఈ వేసవిలో మొత్తం వైరింగు మార్చలేకపోయినా, లైసెన్సు ఉన్నవారిచేత మెగ్గరు పరీక్ష, ఎర్త్ కొలత చేయించి, మీటరు తరువాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఇప్పటికే ఆర్‌సీసీబీ ఉన్నవారు దాని మీద ‘టి’ అని రాసి ఉన్న మీటను మూడు నెలలకొకసారి నొక్కి చూడాలి. నొక్కినప్పుడు కరెంటు పోకపోతే ఆ పరికరాన్ని వెంటనే మార్పించాలి.